ఫ్లైఓవర్ ఎక్కని స్టాఫ్ కారు

“రిటైర్మెంట్‌కి ముందు ఒక్క చిన్న పని, కామరాజు గారూ,” అంది చీఫ్ అరుణాదేవి ఫోన్లో.

నడుం విరగ్గొట్టేవి చిన్న పనులేనని ఏజెంట్ కామరాజుకు అనుభవం.

దొంగిలించిన మిసైల్ చిప్ అమీర్‌పేటలో విదేశీ ముఠా చేతిలో ఉంది. పాత కార్ల ర్యాలీ ముసుగులో దాన్ని దాటించబోతున్నారు. కారు మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక జనరల్‌ని మోసిన స్టాఫ్ కారు. నడిపేది ముఠా మనిషి రిషి. పక్కన పట్టుచీరలో మెరిసిపోయే ధాత్రి, ముఠాలో మన డబుల్ ఏజెంట్. పంజాగుట్ట ఫ్లైఓవర్ దాటితే బంజారా హిల్స్‌లో కంటెయినర్ లారీ సిద్ధం. కారు అందులోకి ఎక్కిందా, చిప్పూ దక్కదు, పిల్లా దక్కదు.

“పోలీసులతో ఆపిస్తే?”

“ముందు ధాత్రిని కాల్చేస్తాడు. వాడికి అనుమానం వచ్చింది. చిప్ కారెక్కగానే రెండు హారన్లు కొడుతుంది. ఆ తర్వాత మీ ఇష్టం.”

పొద్దున్నే కామరాజు మెకానిక్ వేషంలో షెడ్డుకు వెళ్లి, ట్యాంకులో పెట్రోల్ చాలావరకు తోడేశాడు. ఆ కాలపు కారుకు పంపు లేదు. సీటు కింది ట్యాంకు నుంచి పెట్రోల్ పల్లానికి పారినట్టు ఇంజన్‌కు పారాలి. ట్యాంకు అడుగంటితే, ఎత్తు ఎక్కేటప్పుడు చుక్క అందదు.

తర్వాత ఫుడ్ డెలివరీ చొక్కా తొడిగి స్కూటర్‌ మీద వెంబడించాడు.

“ఈ వయసుల డెలివరీనా, తాతా?” అంటూనే ఆటో డ్రైవర్ ఓదెలు పక్కకు జరిగి దారిచ్చాడు. ఈ ఊళ్లో దారి ఇచ్చేవాడు దేవుడితో సమానం.

భోం. భోం. రబ్బరు హారన్ రెండుసార్లు మోగింది.

ఫ్లైఓవర్ సగం ఎక్కాక కారు దగ్గి, తుమ్మి, ఆగిపోయింది.

“ఏం చేసినవే?” అన్నాడు రిషి, పమిట చాటున పిస్టల్ ఆమె పక్కటెముకలకు ఆనించి.

“నేనేం చేశాను? మీ ముత్తాత నాటి బండి!”

“దిగి హ్యాండిల్ తిప్పు.”

“పట్టుచీరతోనా? మగాడివి, నువ్వు తిప్పరాదూ?”

వెనక వంద హారన్లు. పోలీసు వచ్చేలోగా కదలాలి. సెల్ఫ్ స్టార్ట్ లేదు, ముందున్న హ్యాండిల్ తిప్పితేనే ఇంజన్ లేస్తుంది. రిషి పిస్టల్ నడుముకు దోపుకుని కారు ముందుకొచ్చి వంగాడు. రెండు చేతులూ హ్యాండిల్ మీద పడ్డాయి.

కామరాజు తుపాకీ అతని మెడకు తగిలింది. “లేవకు నాయనా. నువ్వు పరిగెడితే నేను పట్టుకోలేను, కాల్చాల్సి వస్తుంది.”

రిషి లేవలేదు.

ధాత్రి కారు ముందున్న ఇత్తడి దీపం విప్పి, లోపల దాచిన చిప్ బయటికి తీసింది. అప్పుడుగానీ ఆమెకు ఏడుపు రాలేదు. ఎవరని అడగకుండానే, వెనకే ఆటో ఆపిన ఓదెలు నీళ్ల సీసా అందించాడు. ఆమె తాగుతుంటే కామరాజు తల తిప్పుకున్నాడు. ఏడ్చే మనిషికి కాస్త చాటు కావాలి.

“గదంతా మంచిగనే ఉంది, తాతా,” అన్నాడు ఓదెలు. “గీ బండెవరు తీస్తరు?”

ఫోన్ మోగింది. “ఏమైంది, కామరాజు గారూ?”

“ముఠావాడు మాకు దొరికాడు, మేడమ్. మేం ట్రాఫిక్‌కి దొరికాం.”