పదహారు రోజుల ఎడం

ఇత్తడి రేకు మీద మూడే గుర్తులున్నాయి: ఒక పొట్టేలు తల, దాని కొమ్ముల నడుమ సూర్యబింబం, కింద కప్పుకు రంధ్రం పడిన గుహ. రంధ్రంలోంచి దిగిన గీటు నేలను తాకిన చోట చిన్న మూట. సూర్యుడు మేషంలో అడుగుపెట్టే నాటి మధ్యాహ్నం కిరణం పడే చోటన్నమాట. గీసినది తన తండ్రి చేయేనని ఔబళమ్మ చూడగానే పోల్చుకుంది.

పన్నెండేళ్ల కిందట ఎర్రదుర్గం బహమనీ సేనలకు చిక్కినప్పుడు, ఆమె తండ్రి నరహరి సిద్ధాంతీ, ఆయన స్నేహితుడైన పారసీక గణకుడు ఖోజా మసూదూ కలిసి ఒక యంత్రరాజాన్ని నల్లమలలో దాచి వచ్చారు. నక్షత్రాల ఎత్తు కొలిచి కాలం చెప్పే పరికరమది. ఇరవై ఏళ్లు శ్రమించి ఇద్దరూ చేసినది, బంగారు పూత పూసినది. ఆ చోటు ఎవరికీ చెప్పకుండానే ఇద్దరూ కాలం చేశారు; మిగిలింది ఈ రేకే. ఇప్పుడు కోటను ఏలే కిల్లేదారు దానిని సుల్తానుకు కానుకగా పంపుతానని మాట ఇచ్చేశాడు. మాట నిలుపుకోవడానికి ఔబళమ్మ అన్న కేసనను చెరలో వేశాడు. రేపు పొద్దుగూకేలోగా యంత్రం కోటకు చేరకపోతే కేసన తల దక్కదు.

అందుకే మేష సంక్రమణం నాటి ఉదయం ముగ్గురు మనుషులు ముళ్లపొదలు నరుక్కుంటూ కొండ ఎక్కుతున్నారు. ముందు చెంచు బయ్యన్న, తేనె కోసం ఆ లోయలన్నీ దిగినవాడు, కప్పుకు రంధ్రమున్న గుహను ఎరిగినవాడు. నడుమ ఔబళమ్మ. వెనుక యూసుఫ్. అతడు ఒకప్పుడు ఖోజా శిష్యుడు. ఇప్పుడు కిల్లేదారు కొలువులో ఉన్నాడు. ఆమె మీద కన్నేసి ఉంచడానికి వచ్చాడు.

"అమ్మగారూ, మళ్లీ చెబుతున్నా. మనం పదహారు రోజులు ఆలస్యంగా వచ్చాం," అన్నాడు యూసుఫ్. "మా ఉస్తాద్ లెక్కలో సూర్యుడు పొట్టేలులో అడుగుపెట్టేది పగలూ రాత్రీ సమమైన నాడు. ఆ రోజు ఎప్పుడో వెళ్లిపోయింది."

"రేకు గీసింది మా నాన్న. ఆయన లెక్క నక్షత్రాన్ని బట్టి. ఆయన మేషం ఇవాళే మొదలు."

"దాచింది ఇద్దరూ కదా?"

"నువ్వు కిల్లేదారు మనిషివి. నీ మాట మీద మా అన్న ప్రాణం పెట్టమంటావా?"

"ఉత్త చేతులతో పోతే నా తలా పోతుంది. నేనెందుకు అబద్ధమాడతాను?"

బయ్యన్న వెనక్కి తిరక్కుండానే గొణిగాడు. "రెండు తలకాయలు పొయ్యే పనికి నన్ను పిలిచినారు. నా తలకాయ సంగతి ఎవురూ అడగరు."

గుహ ద్వారం నక్కబొరియ కంటే కాస్త పెద్దది. పాకుతూ లోపలికి దిగారు. గబ్బిలాల కంపు ముక్కులు బద్దలు కొట్టింది. లోపల మాత్రం గుహ ఒక్కసారిగా విశాలమైంది. ఎంతో ఎత్తున కప్పులో జానెడు రంధ్రం, అందులో ఆకాశపు ముక్క.

"ఈడ ముసలిదెయ్యముండాదమ్మా," బయ్యన్న గొంతు తగ్గించాడు. "ముందు దివిటీ ఊదుద్ది. ఆపైన మనిసిని ఊదుద్ది."

ఔబళమ్మ కళ్లు రంధ్రం మీదే ఉన్నాయి. రంధ్రపు ఉత్తరపుటంచున మెరిసిన వెలుగు సన్నని కడ్డీలా కిందికి దిగి, నేల మీద జరిగి జరిగి, సరిగ్గా మధ్యాహ్నానికి ఒక చదునైన రాతి పలక మీద నిలిచింది. ఆమె వేలు చాచింది.

"అక్కడే. పలక లేపు, బయ్యన్నా."

బయ్యన్న నడుముకు అడ్డతీగ నార తాడు బిగించి, కొస యూసుఫ్ చేతికిచ్చి, గునపం వేశాడు. రెండో పోటుకు పలక కాదు, దాని చుట్టూ ఉన్న నేలే కుంగింది. రాళ్లతో, దివిటీతో సహా మనిషి మాయమయ్యాడు. తాడు సర్రున జారి, యూసుఫ్ అరచేతుల చర్మం ఒలిచి, ఒక రాతి కొమ్ముకు చుట్టుకుని ఆగింది.

కింద దివిటీ ఆరిపోయింది. పడ్డందుకు కాదు; రెండు మూడు గుక్కలు ఎర్రగా వెలిగి, నూనె ఉండగానే చచ్చిపోయింది.

"దెయ్యం..." కింద నుంచి బయ్యన్న గొంతు, మత్తులో ఉన్నట్టు.

"దెయ్యం కాదు. అడుగున మంచి గాలి లేదు," అంది ఔబళమ్మ. "మంట బతకని చోట మనిషి బతకడు. లాగు, యూసుఫ్. ఊపిరి బిగపట్టుకో, బయ్యన్నా."

ఇద్దరూ మడమలు రాతికి తన్నిపెట్టి లాగారు. తాడు నెత్తురుతో జారింది. ఆమె కొంగు చుట్టి పట్టుకుంది. తల పైకి వచ్చేసరికి బయ్యన్న పెదవులు నల్లబడి ఉన్నాయి. ద్వారం దగ్గరికి ఈడ్చి పడుకోబెడితే, చాలాసేపటికి దగ్గి, "నా తలకాయ ఉండాదా?" అని అడిగాడు.

ఔబళమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. తండ్రి చేతిరాత చూసి తండ్రి లెక్కే అనుకుంది. మంట బతకని గోతి మీద వాళ్లిద్దరూ ఏదీ దాచి ఉండరు. గీసిన చేయి ఆయనదే, రోజు ఎంచినది ఖోజా. నిజం చెప్పినవాడిని నమ్మక ఒక మనిషిని గోతిలోకి దింపింది.

"నీ లెక్కే సరి," అంది యూసుఫ్‌తో. "పదహారు రోజులు వెనక్కి తేలేను. కిరణం ఎక్కడ పడి ఉండేదో మాత్రం చెప్పగలను. పైకెక్కి రంధ్రంలోంచి రాయి కట్టిన తాడు వదులు."

రాయి నేలను తాకింది. యూసుఫ్ తాడు తెచ్చాక కొలిస్తే ఇరవై నాలుగు మూరలు.

"పట్టికలు లేకుండా ఎలా?" అన్నాడతడు.

"సమరాత్రి నాటి మధ్యాహ్నం పన్నెండు అంగుళాల శంకువు పుల్లను నిటారుగా నిలబెడితే, ఈ సీమలో నీడ మూడున్నర అంగుళాలు. పలభ అంటాం. మా ఇళ్లలో పిల్లలకు గోత్రంతో పాటే ఇదీ నేర్పుతారు. ఇరవై నాలుగు మూరల ఎత్తుకు, రాయి తాకిన చోటి నుంచి ఏడు మూరలు. ఇవాళ కిరణం నాలుగు మూరల దగ్గర పడింది."

"అంటే ఇంకా మూడు మూరలు ఉత్తరానికి."

"గోతికి అవతలి అంచున."

యూసుఫ్ గోడవారగా చుట్టి వచ్చి అంచున బోర్లా పడుకున్నాడు. ఔబళమ్మ అతని కాళ్లు పట్టుకుంది. మోకాలి లోతు గబ్బిలాల ఎరువు చేతులతో తోడాడు. పక్కన పెట్టిన రెండో దివిటీ కుంచించుకుపోసాగింది.

"మంట తగ్గుతోంది. వచ్చేయ్."

"తోలు తగిలింది."

"యూసుఫ్, వచ్చేయ్."

అతడు ఒక మూట ఛాతీకి అదుముకుని వెనక్కి దొర్లాడు. అతడు పడుకున్న అంచు విరిగి చీకట్లో జారిపోయింది. ముగ్గురూ వెనక్కి చూడకుండా పాకారు.

బయట ఎండలో మూట విప్పారు. యంత్రరాజం నిన్న మెరుగు పెట్టినట్టుంది. చుక్కల పేర్లు ఒక వైపు నాగరిలో, ఒక వైపు అరబ్బీలో. దాని కింద కాగితాల పొత్తం. యూసుఫ్ ఒక్క పుట చూసి మూసేశాడు.

"ఇది కిల్లేదారుకు చూపకండి. ఏదో నిధి గుట్టనుకుని బతికినంతకాలం మనచేత కొండలు తవ్విస్తాడు. ఆయన అడిగింది మెరిసేదాన్ని."

"చూడలేదని చెబుతావా?"

"నన్నడిగితే కదా."

మర్నాడు పొద్దు వాలక ముందే యంత్రం కోట చేరింది. కిల్లేదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, పూతను గోటితో గీరి, తృప్తి పడ్డాడు. పొత్తం మాట ఎవరూ ఎత్తలేదు. కేసన తన కాళ్ల మీద తానే ఇంటికి నడిచి వచ్చాడు, మూడుచోట్ల ఆగి.

రెండు రోజుల తరువాత కేసనను చూడటానికి యూసుఫ్ చేతులకు పసుపు కట్లతో వచ్చాడు. ఔబళమ్మ పొత్తం తెరిచింది. ఏటేటా రెండు రోజులు పక్కపక్కన రాసి ఉన్నాయి: ఎడమన తండ్రి అక్షరాల్లో ఆయన మేషం, కుడివైపు ఖోజా రాతలో ఆయనది. పన్నెండేళ్లుగా పుటలు ఖాళీ.

"ఇందులో ఎవరి లెక్క ఒప్పు?" అని కేసన అడిగాడు.

"రెండూ ఒప్పే. ఒకరు చుక్కను పట్టుకున్నారు, ఒకరు నీడను. తప్పింది నేను."

ఆమె ఎడమ వరుసలో ఈ ఏటి రోజు రాసి, కలాన్ని యూసుఫ్ ముందుకు జరిపింది.