చిన్న కారులో పాట

ఆదివారం ఉదయం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మంచు సన్నగా పడుతోంది. దైవాశీర్వాదం గరాజ్‌లో తన పసుపుపచ్చ కారు అద్దాలు తుడుస్తున్నాడు. రెండు తలుపుల చిట్టి కారు అది. ఆ తలుపులూ, వాటి చుట్టూ ఉన్న ఉక్కు చట్రమూ ఆయన డిజైన్ చేసినవే. కొనేవాళ్ళు లేక, ఆయన పనిచేసే కంపెనీ ఆ కారు తయారీ ఆపేసింది. ఆ వెనకే ఆయన్నీ ఇంటికి పంపించింది. ఆఖర్న మిగిలిన వాటిలో ఒకటి ఆయనే కొనుక్కున్నాడు. కాకి పిల్ల కాకికి ముద్దు మరి!

చర్చిలో కుర్రాళ్ళు దాన్ని అగ్గిపెట్టె అని ఏడిపించినా ఆయన నొచ్చుకునేవాడు కాదు. "పిట్ట కొంచెం, కూత ఘనం. కావాలంటే మా ఆవిడ దేవకుమారిని అడగండి. ఇందులో కూర్చుంటే చాలు, దిగేదాకా పాటలే!" అనేవాడు గర్వంగా. ఆ మాట నిజమే. కారు ఫ్రీవే ఎక్కగానే ఆవిడ భక్తిగీతం అందుకునేది.

ఈ రోజు చర్చిలో మనవడు లెవిని దేవుడికి అంకితం చేసే ప్రతిష్ఠ ప్రార్థన ఉంది. వాణ్ణి తన కారులోనే తీసుకెళ్ళాలని తాతగారి కోరిక. పసివాడి సీటును వెనక బిగించడానికి ముందు సీటును పూర్తిగా ముందుకు జరిపాడు. అందులో ఎక్కి కూర్చున్న దేవకుమారి మోకాళ్ళు డాష్‌బోర్డుకి ఆనుకున్నాయి. ఆవిడ సీటు బెల్టు పెట్టుకుంది.

అప్పుడే కూతురు జోసఫిన్ లెవిని ఎత్తుకుని వచ్చింది. చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"డాడీ, నో. లెవి నా ఎస్‌యూవీలో వస్తాడు."

"ఎందుకమ్మా? ఊళ్ళో తిరగడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇక్కడ చూడు, ఒక్క మనిషి పాల డబ్బా తేవడానికి లారీ అంత బండేసుకుని పోతాడు. అదీ ఒక తెలివేనా?"

"రోడ్డు మీద అన్నీ చిన్న కార్లే ఉంటే మీరు కరెక్ట్. కానీ లేవు కదా."

"దీన్ని గోడకి గుద్దించి చూశాం జోసీ. డోర్ ఫ్రేమ్ చెక్కుచెదరలేదు. నేను పక్కనే ఉన్నాను."

"మన మీదకి వచ్చేది గోడ కాదు డాడీ, పికప్ ట్రక్."

దైవాశీర్వాదానికి కోపం ముంచుకొచ్చింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. "మీ మమ్మీ ఇన్నేళ్ళుగా ఇందులో పాడుకుంటూ రావట్లేదూ? ఆవిడకి లేని భయం నీకెందుకు?" అని అరిచాడు.

లెవి ఉలిక్కిపడి ఏడ్చాడు. జోసఫిన్ వాణ్ణి భుజాన వేసుకుని, తల్లి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"నేను డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు మమ్మీ పాడింది. నా సర్జరీ అప్పుడు హాస్పిటల్ హాల్‌లో పాడింది. స్కేర్డ్‌గా ఉంటేనే మమ్మీ పాడుతుంది డాడీ. అదే తన ప్రేయర్. హ్యాపీగా ఉంటే కారెక్కగానే నిద్రపోతుంది. మీకు తెలీదా?"

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ కాదంటుందని ఒక్క క్షణం ఆశపడ్డాడు. ఆవిడ సీటు బెల్టు మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది.

"ఎప్పుడూ చెప్పలేదేం, కుమారీ?"

"ఏం చెప్పమంటారండీ? పక్కన ట్రక్కు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకునేదాన్ని. మీరేమో నా పాట వింటూ నవ్వుకునేవారు. ఉద్యోగం పోయాక మీరు నవ్వేది ఈ కారులోనే. అది కూడా పోగొట్టడానికి నాకు మనసొప్పలేదు."

ఆయన వంగి పసివాడి సీటు విప్పబోయాడు. కొక్కెం ఊడలేదు. జోసఫిన్ వచ్చి ఆయన చేతుల మీద చెయ్యి వేసి తనే విప్పింది. "సారీ డాడీ. ఇట్స్ ఎ గుడ్ కార్. నిజంగా" అంది. కారు ఎంత మంచిదైనా ఇక ప్రయోజనం లేదని ఇద్దరికీ తెలుసు. దేవకుమారి దిగాక ఆయన గరాజ్ తలుపు దించి, తన కారు తాళం చెవిని కూతురి చేతిలో పెట్టాడు.

ఎస్‌యూవీని జోసఫిన్ నడుపుతోంది. ఫ్రీవే మీద రెండు పక్కలా పికప్‌లు బురద మంచు చిమ్ముకుంటూ దూసుకుపోతున్నాయి. ఆ ఎత్తులోంచి వాటిని చూడటం ఆయనకి అలవాటు లేదు. వాటి చక్రాల పక్కన తన కారును ఊహించుకున్నాడు. అందులో కళ్ళు మూసుకుని పాడుతున్న భార్యను ఊహించుకున్నాడు.

అలవాటు కొద్దీ పాట కోసం చెవి ఒగ్గాడు. ఎక్కడా వినపడలేదు. వెనక్కి తిరిగి చూశాడు. దేవకుమారి మనవడి సీటు మీద చెయ్యి వేసి, తల పక్కకి వాల్చి, హాయిగా నిద్రపోతోంది.

దైవాశీర్వాదం ముఖం కిటికీ వైపు తిప్పుకుని, ఆవిడకి మెలకువ రాకుండా, చప్పుడు చెయ్యకుండా ఏడ్చాడు.