సేవ్ కాని వాంగ్మూలం

"ఈ సాయంత్రం రేవులో ఒక ఆడమనిషి చావాలి," అన్నాడు డైరెక్టర్.

స్క్రీన్ మీద ఫోటో పడింది. నల్లకోటు, ఎర్రరాళ్ల చెవిపోగులు, ఎవర్నీ లెక్కచెయ్యని చూపు. కోడ్ నేమ్ గోరింక. విదేశీ ముఠాకు కుడిభుజం. నగరం మొత్తానికి కరెంటు ఆపేయగల డిజిటల్ కీ ఆమె చెవిపోగులో ఉందని సమాచారం. ఫెర్రీ టెర్మినల్లో ముఠా మనిషికి అందించబోతోంది. పోగు తియ్యగానే కాల్చాలి. షూటర్ అప్పటికే క్లాక్ టవర్ ఎక్కి రేడియో ఆపేశాడు. గందరగోళంలో ఆ కీ తీసుకురావడం ఏజెంటు పని.

ఏజెంటును ఆఫీసులో ముంగి అంటారు. ఫోటో చూడగానే ముంగి ఆమెను గుర్తుపట్టాడు.

కిందటి నెల ఒక టైలరు దుకాణం వెనకగదిలో గోరింక అతన్ని కలిసింది. ముఠాను వదిలేశానంది. వాళ్లకు దొంగ కీ, మనకు అసలు కీ ఇస్తానంది. "నేను పోగు తీశానంటే నా పక్కనున్నవాడే మీకు కావాల్సినవాడు. పట్టుకోండి," అని చెప్పింది.

ముంగి ఆఫీసుకొచ్చి అదంతా టైప్ చేశాడు. కాగితం మీద ఏదీ ఉండకూడదని రూలు. సేవ్ కొట్టాడు. స్క్రీన్ బిగుసుకుపోయింది. అక్కడ అది రోజూ ఉండే భాగోతమే. పొద్దున పాస్‌వర్డ్ ఒప్పుకోదు. మధ్యాహ్నం ప్రింటర్ కనబడలేదంటుంది. సాయంత్రానికి రాసిందంతా మింగి కూర్చుంటుంది. ముంగి కాసేపు చూశాడు, తిట్టాడు, పవర్ బటన్ నొక్కి ఇంటికి పోయి పడుకున్నాడు. మర్నాడు మళ్లీ రాద్దామనుకున్నాడు. మర్నాడు ఇంకేదో పని తగిలింది.

"ఆవిడ మన మనిషి సార్," అన్నాడిప్పుడు.

డైరెక్టర్ కీబోర్డు మీద వెతికాడు. "సిస్టంలో లేదే. ఎంట్రీ చేశావా?"

"చేశాను. సర్వర్ తినేసి ఉంటుంది."

ఎవరూ అనుమానించలేదు. సర్వర్ అంతకుముందు ఇద్దరి సెలవుల్నీ, ఒకరి పెన్షన్నీ, ఒక కేసు మొత్తాన్నీ తినేసింది. సిస్టమ్స్ ఆఫీసర్ని పిలిపించి చీవాట్లు పెట్టారు. అతను తల వంచుకుని, బ్యాకప్‌లో వెతుకుతానని వెళ్లాడు. లేనిదాన్ని వెతకడానికి.

ఒక్కడి మాట నమ్మి నగరాన్ని చీకట్లో పెట్టలేనన్నాడు డైరెక్టర్. రికార్డు దొరికితే షూటర్ దగ్గరికి మనిషిని పంపిస్తానన్నాడు. పవర్ బటన్ నొక్కింది నేనేనని చెప్పి ఉంటే డైరెక్టర్ నమ్మేవాడేమో. ముంగి ఆ మాట చెప్పకుండానే రేవుకు బయల్దేరాడు.

టెర్మినల్లో అతను పోర్టరు వేషం వేశాడు. ఖాకీ చొక్కా, పెట్టుడు మీసం, సామాను బండి. కిటికీల అద్దాలకు అవతల క్లాక్ టవర్. అక్కడ రైఫిల్ పట్టుకున్నది అతని బావమరిది. గురి తప్పడం ఎరగడు.

గోరింక టికెట్ల వరుస దగ్గర నిలబడి ఉంది. పక్కన టోపీ పెట్టుకున్న టూరిస్టు. ఆమె ముంగిని గుర్తుపట్టింది. ఆమె ముఖంలో బెరుకు లేదు. అన్నీ ఏర్పాటయ్యాయన్న నమ్మకంతో చెయ్యి చెవి దగ్గరికి పోనిచ్చింది.

ఏ ఏర్పాటూ జరగలేదని ముంగికి తెలుసు.

బండి వదిలేసి పరుగెత్తాడు. పోగు ఊడి ఆమె చేతిలోకి వచ్చేసరికి, ఆమెకు అడ్డంగా, టవర్ వైపు తిరిగి నిలబడి మీసం పీకేశాడు. గుండు రాలేదు. టూరిస్టుకు సంగతి అర్థమైంది. పిస్తోలు తీసి గోరింక మెడకు ఆనించాడు.

అప్పుడు కిటికీ అద్దం పగిలింది. పిస్తోలు నేలమీద పడింది. టూరిస్టు మణికట్టు పట్టుకుని దాని పక్కనే కూలబడ్డాడు.

పోలీసులు అతన్ని తీసుకుపోయాక, టవర్ దిగొచ్చిన బావమరిదితో కలిసి ముగ్గురూ సామాన్ల గదిలో కూర్చున్నారు.

"ఇంకో క్షణం ఆలస్యమైతే నిన్నూ పైనున్న మా అక్క దగ్గరికి పంపేవాణ్ణి బావా," అన్నాడు బావమరిది.

గోరింక ముంగిని చూసింది. "నేను చెప్పిందంతా రాస్తానన్నారు. మరి నా మీదికి తుపాకీ ఎందుకొచ్చింది?"

"సర్వర్ తినేసింది."

"మా ముఠాలోనూ అదే అనేవాళ్లం. పని ఎగ్గొట్టినప్పుడల్లా."

ముంగి నేలచూపులు చూశాడు. సేవ్ కాలేదని, విసుగొచ్చి ఆపేశానని, మళ్లీ రాయలేదని చెప్పాడు. ఆ రాత్రి బాగానే నిద్రపట్టిందని కూడా చెప్పాడు. ఆమె క్షమించానని అనలేదు. అతనూ అడగలేదు.

బావమరిది రేడియో ఆన్ చేసి, ఆఫీసు కబురు విని, ముంగి ముందు పెట్టాడు. "డైరెక్టర్‌కీ చెప్పు. అక్కడొకడు నీకోసం ఇంకా బ్యాకప్ తవ్వుతున్నాడట."

ముంగి చెప్పాడు.

గోరింక కోటు అంచు కుట్లు పళ్లతో తెంపింది. గోరంత చిప్ బయటికి తీసింది. అసలు కీ. ముంగి చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి దాటించి బావమరిది అరచేతిలో పెట్టింది.

"మీరుంచండి," అంది. "మీరు నన్ను చంపుదామనుకున్నారంతే."