తలూపిన రోజు

సాబేరా ఫ్లాస్కులో టీ పోస్తూ ఉంది. ఫ్లాస్కు మూతులు రెండు కనిపిస్తున్నాయి, ఒకదాని పక్కన ఒకటి. ఒక కన్ను మూసుకుంటే ఒక్కటే మిగులుతుంది. అలాగే మూసుకుని, అంచు మీద వేలు ఆనించి మెల్లగా పోసింది. అయినా కొంత టీ గట్టు మీద ఒలికింది.

"ఎవరికి కన్ను కొడ్తాండావే, ఫ్లాస్కుకా?" అన్నాడు మస్తాన్ వలీ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

వేరే రోజైతే ఆమె నవ్వేది.

అతను సౌదీలో ఒక కంపెనీ డ్రైవరు. ఇద్దరిదీ ప్రొద్దుటూరు దగ్గరి పల్లె. గల్ఫ్ యుద్ధం మొదలైన రోజు తాము ఉంటున్న సరిహద్దు ఊరు ఖఫ్జీ మీద గుండ్లు పడితే, కట్టుబట్టలతో రియాద్ చేరి మలాజ్ పేటలో ఈ రెండు గదుల ఇంట్లో దిగారు. అప్పటి నుంచే ఆమెకు కుడి చెవిలో హోరు. ఆస్పత్రిలో తలకు ఫోటోలు తీయించారు. బాంబుల మోతకు చెవి దెబ్బతిందని, నిదానంగా తగ్గుతుందని డాక్టరు మాటగా మస్తాన్ వలీ చెప్పాడు. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. అతను చెప్పిందే డాక్టరు చెప్పింది.

"నిన్న డాక్టరు ఏమన్న్యాడు?" అంది సాబేరా.

"చెప్తినే గదా. కండ్లద్దాలు కావల్లంట. శుక్రవారం బతా బజారుకు పోయి తెచ్చుకుందాం."

"ఆడ నువ్వు నమాజుకు పోయినప్పుడు షహజాది అని ఒక నర్సు వచ్చింది. మన కడప పిల్లే. నా కాయితాలన్నీ చదివి చెప్పింది."

గుండీ మీద అతని వేళ్లు ఆగిపోయాయి.

"చెవి నరం మీద గడ్డంట. క్యాన్సర్ కాదంట. పోయిన సంవత్సరమే ఆపరేషన్ చేస్తామన్న్యారంట. వద్దని సంతకం పెట్టిందెవరు?"

"యుద్ధం జరుగుతాండె. ఎప్పుడు చూసినా సైరన్లు. ఆ రోజుల్లో తలకాయి కోయించమంటావా?"

"యుద్ధం నలభై రోజుల్లో అయిపోయ. ఏడాదిన్నర నుంచి ఏం అడ్డమొచ్చింది నీకు?"

అతను మంచం మీద కూలబడ్డాడు. "గడ్డ మెల్లగా పెరుగుతాది, దాంతోనే ఏండ్లు బతికేవాళ్లు ఉండారన్న్యాడు డాక్టరు. కోస్తే మూతి వంకర పోవచ్చన్న్యాడు. నేను మొదటి మాట పట్టుకుంటి."

"మూతి నాది గదా. నన్ను అడగొద్దా?"

"చెప్తే ఊరికి పోతానంటావని భయం. నువ్వు పోతే ఈడ నేనెట్ల ఉండేది?"

సాబేరా గోడకు ఆనుకుంది. "పోయిన సంవత్సరం ఆ పొద్దు డాక్టరు నా తట్టు తిరిగి ఏందో అడిగినాడు. బాగుండావా అంటాండాడు, తలూపు అన్న్యావు నువ్వు. నేను తలూపినా. నిజంగా ఏమడిగినాడు?"

అతను పెట్టుకున్న గుండీని మళ్లీ విప్పాడు.

"అంతా తెలిసే ఆపరేషన్ వద్దంటాండావా, అని."

అంత పెద్ద డాక్టరు తన క్షేమం అడిగాడని ఆమె అప్పట్లో అమ్మకు ఉత్తరం కూడా రాసింది.

"నిన్న చెప్పింది చెప్పినట్టు చెప్పు," అంది చివరికి. "ఒక్క మాట దాచొద్దు."

"గడ్డ పెద్దదైంది. తలలో నీళ్ల ఒత్తిడి పెరిగి కంటి నరాలు వాచినాయంట. చూపు మసకబడేది, రెండు రెండుగా కనపడేది దానికే. వెంటనే చేర్చమన్న్యాడు. పోయిన చూపు తిరిగొస్తాదని చెప్పలేనన్న్యాడు. ఆలస్యమైతే ఉండేది గూడా..." రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. "ఏం కాదు, ఏం కాదని నాకు నేనే చెప్పుకుంటా వచ్చినా, సాబేరా."

తనకు చెప్పిన అబద్ధాన్ని అతను తానూ నమ్ముతూ బతికాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆమె కళ్లూ నిండాయి. కానీ చేయి అతని భుజం దాకా వెళ్లలేదు.

షహజాది ఇచ్చిన కాగితం అతని ముందు పెట్టింది. భర్త సంతకం ఉంటేనే ఆస్పత్రిలో చేర్చుకుంటారు.

"యాడ పెట్టాల్నో నీకు తెలుసు గదా."

అతను పెట్టాడు. కింద కారు హారన్ మోగింది. డ్యూటీకి పోతూ ఆస్పత్రి డ్రైవరు బండిలో తీసుకుపోతానని షహజాది నిన్ననే మాట ఇచ్చింది. మస్తాన్ వలీ గబగబా లేచి చెప్పుల్లో కాలు పెట్టాడు.

"నేనూ వస్తా. డాక్టరుతో మాట్లాడాలంటే..."

సాబేరా బురఖా వేసుకుంది. కాగితం మడిచి పట్టుకుంది. గడప ఎక్కడుందో పాదంతో వెతుక్కుని, దాటి వెళ్లిపోయింది.

అతను చెప్పులో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.