ఇటుక పొర వెనక

తెల్లవారుజాము ఐదూ నలభై. తిరుపతి బస్టాండు వెనక వీధి.

కొత్త లాడ్జి ముందు ఇటుకల గుట్ట. దాని కింద వాచ్‌మన్ చిన్నబ్బ. ప్రాణం లేదు.

ముందు గోడకు అందం కోసం కట్టిన ఇటుక పొర ఊడిపడింది. వెనకున్న కాంక్రీటు గోడ చెక్కుచెదరలేదు. రోజూ ఆ గోడవార పడుకునే యాత్రికులు అంతకుముందే, వాన తగ్గగానే మొదటి బస్సుకు కొండెక్కారు. ఆ ఉదయం చూపిన దయ అంతే.

ఇన్‌స్పెక్టర్ పరాశర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అంతా ఈ పాప డిజైన్ సార్," అన్నాడు కాంట్రాక్టర్ గుణశేఖర్. పోలీసులకన్నా ముందే వచ్చి ఉన్నాడతను. "ఒక ఇటుక లోపలికి, ఒకటి బయటికి. వద్దురా అబ్బా అంటే ఇనలేదు."

ఆర్కిటెక్ట్ వకుళ తెల్లబోయింది.

"అన్నా! నువ్వేనా ఈ మాటనేది?"

అతను మొహం తిప్పుకున్నాడు.

పరాశర్ ఊడకుండా మిగిలిన ఇటుక పొర దగ్గర టేపు పట్టాడు.

"ఇటుకలు బయటికి వచ్చింది బిల్డింగ్ కోడ్ హద్దులోనే ఉందే!"

"ఉంటుంది సార్. వెనక గోడకూ ఈ పొరకూ పట్టు స్టీలు టైలు, వంచిన కమ్మీ ముక్కలు. అవి వేసినానని అన్న చెప్పినాడు. మా ఇంటి ముందు గోడ కూడా ఆయనే కట్టినాడు. నాయన పోయినాక నాకు ఆయనే..." అంది వకుళ.

మధ్యాహ్నం శిథిలాల్లో నాలుగు టైలు దొరికాయి. టైలు వేసినట్టే కాబట్టి ఇక తప్పు డిజైన్‌దే అన్నారంతా. సాయంత్రానికి వకుళను అరెస్టు చేయమని పైనుంచి ఫోను.

పరాశర్ ఇద్దరినీ స్టేషన్‌కు పిలిపించాడు. టైలు బల్ల మీద పెట్టాడు.

"వీటికి సిమెంటు అంటలేదే, గుణశేఖర్?"

"అట్లా ఇటుక బయటికి లాగితే టై జారిపోదా సార్?"

"సరే. ముందు గోడ ఎప్పుడు పూర్తయింది?"

"బ్రహ్మోత్సవాలకు ముందే. పండగకు లాడ్జి తెరవాలని ఓనరు ఒకటే తొందర."

"ఆయుధ పూజ?"

"ఆ తర్వాతే కదా సార్. గోడౌన్‌లో సామానంతా పరిచి నా చేత్తోనే బొట్లు పెట్టినా. చిన్న మేకును కూడా వదల్లే."

"తెలుస్తూనే ఉంది."

పరాశర్ ఒక టైని తిప్పాడు. వంపులో ఎండిన గంధం. దాని మీద కుంకుమ.

"పూజకు ముందే గోడలో కలిసిపోయిన టైకి, పూజనాడు బొట్టెట్లా పెట్టినావు?"

గుణశేఖర్ బొటనవేలితో ఆ బొట్టు తుడవబోయి ఆగాడు.

"టైలు వేస్తా పోతే పని సాగదు సార్," అన్నాడు గుణశేఖర్ చివరికి. "ఊడుతుందని అనుకోలే. పొద్దున నాలుగు తెచ్చి ఇటుకల కింద పడేసినా."

వకుళ లేచి అతని ముందు నిలబడింది. కోపం లేదు. ఏడుపూ లేదు.

"మా ఇంటి గోడలో వేసినావా, అన్నా?"

గుణశేఖర్ తల ఎత్తలేదు.

ఆమె ఫోను తీసింది. అవతల తల్లి వేదవల్లి పలికింది.

"అమ్మా, దీపం పెట్టడానికి వాకిట్లోకి పోవద్దు. పెరటి తలుపు తీసి అట్లే బయటికి వచ్చేయ్."

పరాశర్ అప్పటికే జీపు తాళాలు అందుకున్నాడు.