పక్క సీటు బ్రేకు

మూడుసార్లు తాళం తిప్పితే గానీ టీచరమ్మ కారు ఆ పొద్దున లేవలేదు. లేచాక కూడా ఖళ్ళుఖళ్ళున దగ్గింది.

"ఇంక చాల్లే అమ్మా!" వంటింటి కిటికీలోంచి అరిచాడు కొడుకు. "దానికి కాలం చెల్లింది. పాత కార్లు కొనేవాడు వస్తున్నాడు."

టీచరమ్మ బళ్ళో పంతులమ్మ కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పుతోంది. ఆ కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంది. ఎవరైనా కంగారుపడి గోడ మీదికి పోతే ఆవిడ కాలు అక్కడ సిద్ధంగా ఉంటుంది. క్లచ్చు ప్లేట్లు మారిస్తే ఇంకో నాలుగేళ్ళు నిక్షేపంలా తిరుగుతుందని మెకానిక్ చెప్పాడు. కొడుకు మాత్రం తల్లిని ఒక్క మాటైనా అడక్కుండా కొత్త కారు బుక్ చేసి వచ్చాడు.

"ఎవర్నడిగి రమ్మన్నావు వాణ్ణి?"

"నీ కోసమేగా! నిన్న షోరూమువాళ్ళ కొత్త కారులో తిప్పి చూపించాను, ఎంత మెత్తగా పోయింది!"

"పోయింది. మలుపులో సైకిలు అడ్డమొస్తే నేను కాలు నొక్కాను. కింద ఏముంది? ఉత్త కాళ్ళపట్టా! గుండె జారిపోయింది నాకు. నువ్వేమో నవ్వావు."

"నీకింక బ్రేకెందుకమ్మా? హాయిగా కూర్చో."

ఆ మాటకు ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. చేతిలోని గుడ్డ బానెట్ మీద విసిరికొట్టింది.

"కూర్చోడానికి నేనేమన్నా అద్దాల బీరువాలో బొమ్మనా? మీ నాన్న పోయిన మూడో నెల ఈ సీటెక్కాను. వీధి వీధంతా నవ్వింది. నవ్వినవాళ్ళ కోడళ్ళే తర్వాత నా దగ్గర వరస కట్టారు. పని మానెయ్యమని మొహమ్మీద చెప్పలేక కారు అమ్ముతున్నావు. అంతేనా, కాదా?"

కొడుకు తలొంచుకుని బయటికి వచ్చాడు. నిజం అదే మరి.

ఇంతలో కొనేవాడు రానే వచ్చాడు. "తుక్కే కదండీ" అంటూ టైరును కాలితో తన్నాడు. అప్పుడు లోపల్నుంచి కోడలు విసవిసా వచ్చి, చెప్పులు గుమ్మంలో వదిలేసి స్టీరింగు ముందు కూర్చుంది. క్లచ్చు అరికాలికి తెలియాలి, చెప్పులతో ఎక్కకూడదని టీచరమ్మ మొదటి పాఠం.

"ఎక్కండి అత్తయ్యా. మెకానిక్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

"నీకెప్పుడొచ్చింది?" కొడుకు తెల్లబోయాడు.

"కూరగాయలకని అత్తయ్యతో వెళ్ళినప్పుడల్లా!"

టీచరమ్మ పక్క సీట్లో ఎక్కింది. కొనేవాడు పక్కకు గెంతాడు. కొడుకు హడావిడిగా వెనక సీట్లో పడ్డాడు. మలుపులో మళ్ళీ ఒక సైకిలు!

"బ్రేక్!" కేకేశాడు. తనకు తెలియకుండానే కాలితో కిందున్న పట్టాను బలంగా తొక్కాడు. కోడలు నింపాదిగా ఆపింది. టీచరమ్మ కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉంది, నొక్కే అవసరమే రాలేదు.

ఆవిడ వెనక్కి తిరిగి కొడుకు కాలి వైపు చూసింది. "జారిందా గుండె?"

"జారిందమ్మా." వాడి కళ్ళు తడిశాయి. "నిన్న నీకూ ఇలాగే కదా... నేను నవ్వాను."

ఫోను తీశాడు.

"నా కారులో వెనక సీటువాళ్ళు మాట్లాడకూడదు," అంది టీచరమ్మ బింకంగా.

"ఈ ఒక్కసారికి వదిలెయ్యమ్మా. హలో, షోరూమాండీ? మా బుకింగ్ రద్దు చేసెయ్యండి. మా అమ్మకి కారుంది."

కోడలు క్లచ్చు మెల్లగా వదిలింది. కారు ఒకసారి దగ్గి, ముందుకు కదిలింది.