ఒంటి వేడి నీళ్ళు

బావ రైలు డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా పక్కింటి ముసలాయన వచ్చి చేపలకు మేత వేసేవాడు. ఈసారి ఆయన రానని తెగేసి చెప్పాడట. అందుకే ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి, ఆ ముసురు సాయంత్రం చిట్టి వచ్చింది.

అక్క పోయి ఏడాది కాలేదు. ఆ గాజుతొట్టె అంటే అక్కకు ప్రాణం. అందులోని ఏంజెల్ చేపలు ఇప్పుడు అడుగున చేరి, రెక్కలు ముడుచుకుని కొయ్యబారి ఉన్నాయి. బయట అంత చలిగా ఉన్నా, తొట్టె అంచున బిగించిన చిన్న ఫ్యాన్ నీళ్ళ మీదికి ఊదుతూనే ఉంది. థర్మామీటరు పంతొమ్మిది చూపిస్తోంది. వెచ్చటి నీళ్ళలో బతికే జీవాలవి. హీటరేమో అల్మరాలో దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

ఈ మగాళ్ళకి నోరులేని జీవాల్ని అప్పగిస్తే ఇంతేనని గొణుక్కుంటూ ఫ్యాన్ ఆపేసింది. హీటరు నీళ్ళలో దించి ఇరవై ఆరుకు తిప్పింది. ఇల్లు సర్ది, వంట చేసుకుని తిని వచ్చేసరికి చేపలు పైకి లేచి హాయిగా ఈదుతున్నాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు తడిజుట్టు వాసన వచ్చింది. తలంటుకున్న మనిషి వెనకే నిలబడితే వచ్చే వాసన. తిరిగి చూసింది. ఎవరూ లేరు.

ఇరవై ఆరు దాటింది. హీటరు ఎర్రదీపం ఆరిపోయింది గానీ వేడి ఆగలేదు. ప్లగ్గు పీకేసింది. ముప్పై... ముప్పై మూడు... చేపలన్నీ ఒక మూలకు ఒదిగి నీళ్ళ మధ్యకే చూస్తున్నాయి. బుడగల చప్పుడు నిలిచిపోయింది.

ముప్పై ఏడు దగ్గర అంకె ఆగింది.

చిట్టి నీళ్ళలో చెయ్యి పెట్టింది. రోజంతా రోగుల నాడి పట్టే చెయ్యి అది. ఆ వేడి ఆమెకు తెలుసు. జ్వరం లేని మనిషి ఒంటి వేడి. వేళ్ళ కింద నీళ్ళు... కొట్టుకుంటున్నాయి. మెల్లగా... ఆగి ఆగి...

బావకు ఫోన్ చేసింది. చేపలు చచ్చిపోతాయని హీటరు పెట్టానంది.

"పోతే పోనీ. ముందు ఫ్యాన్ వెయ్యి చిట్టీ." అతని గొంతు గుసగుసలోకి దిగింది. "నీళ్ళు వేడెక్కితే మీ అక్క లేస్తుంది."

స్విచ్ నొక్కింది. ఫ్యాన్ తిరగలేదు. వెనక తొట్టెలో నీళ్ళు ఒక్కసారి పైకి పొంగిన చప్పుడు...

చిట్టి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి, ముసలాయన తలుపు బాదింది. ఆయన తలుపు తీశాడు. లోపలికి లాగి గడియ పెట్టాడు.

తెల్లవారాక బావ వచ్చాడు. ఒక్కడే లోపలికి వెళ్ళి వెంటనే బయటికొచ్చాడు. చేపలకేం కాలేదన్నాడు. తొట్టెలో నీళ్ళు మాత్రం సగం లేవట. నేల మీద చుక్క తడి లేదట.

"వెళ్ళేటప్పుడు తలుపు వేశావా?"

లేదని తలూపింది.

బావ మెట్ల మీద కూలబడ్డాడు. వీధి చివరికి చూశాడు.

"అక్కడ మీ ఇంట్లో మీ అమ్మ ఒక్కతే ఉంది కదూ?" అన్నాడు.